మాటకొక కొలత, బాణీకొక కొలత: తెలుగు క్రైస్తవ గీతంలో పదానికీ స్వరానికీ గల పొత్తు

1. ప్రస్తావన

సంఘంలో ప్రసంగం కంటే ఎక్కువ కాలం నిలిచేది పాట. ఆదివారం విన్న మూడు అంశాల సందేశం బుధవారానికి మరపున పడవచ్చు. చిన్ననాడు తల్లి ఒడిలో నేర్చిన కీర్తన మాత్రం మరణశయ్య మీద కూడా నోట ఉంటుంది. చదువురాని విశ్వాసికి పాటల పుస్తకమే కంఠస్థమైన వాక్యం. కనుక మన పాటల్లో ఎంత దైవశాస్త్రం ఉన్నదో, మన ప్రజలలో అనేకుల దగ్గర అంత దైవశాస్త్రమే ఉన్నదని చెప్పినా అతిశయోక్తి కాదు.

అయినా పాటను మనం విమర్శించే పద్ధతి చాలా పలుచగా ఉన్నది. "మాటలు బాగున్నాయి" అంటాం, లేదా "రాగం బాగుంది" అంటాం. ఈ రెండూ కలిసిన చోట ఏమి జరుగుతున్నదో అడగము. మంచి మాటలు, మంచి బాణీ కలిసి చెడ్డ పాట కాగలవు. వాక్యానుసారమైన ఒక పాదం దానికి సరిపడని బాణీలో పడితే, పాడేవారి నోట వేరొక మాటగా మారగలదు. కొన్నిసార్లు తలక్రిందులు కూడా కాగలదు.

తెలుగు క్రైస్తవ గీతంలో మాటకూ బాణీకీ మధ్య గల ఈ పొత్తును ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాం. మా వాదన సంగ్రహంగా ఇది: బాణీ స్వదేశీయమా విదేశీయమా అన్నది అసలు ప్రశ్న కాదు. బాణీ ముందా మాట ముందా అన్నదీ కాదు. తెలుగు అక్షరం తన నిడివిని నిలుపుకొన్నదా, సువార్తను మోసే చిన్న మాటకు పాదంలో చోటు దొరికిందా అన్నవే అసలు ప్రశ్నలు. ఈ రెంటిలో తప్పినప్పుడు నష్టపోయేది సంగీతం కాదు, బోధ.

ఈ వ్యాసంలో ఉదాహరణలుగా ఇచ్చిన పాదాలన్నీ పరిశీలన కొరకు మేమే కూర్చినవి. వాడుకలో ఉన్న ఏ పాటనూ, ఏ రచయితనూ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు.

2. పూర్వులు ఈ ప్రశ్నను ఎరుగుదురు

ఈ సమస్య క్రొత్తది కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరం పాటలోని సాహిత్యానికి మాతువు అనీ, స్వర రచనకు ధాతువు అనీ పేర్లు పెట్టింది. రెండింటినీ చక్కగా కూర్చగలవాడు ఉత్తమ వాగ్గేయకారుడు. ఇంకొకరు కట్టిన ధాతువుకు మాతువును మాత్రమే కూర్చేవానిని ఆ గ్రంథం కుట్టికారుడు అన్నది. అంటే, సిద్ధంగా ఉన్న బాణీకి మాటలు వ్రాసేవాడు వేరొక రకపు పనివాడని ఆనాడే గుర్తించారు. ఆంగ్ల కీర్తనను అనువదించిన మిషనరీ, అతనికి సహాయం చేసిన తెలుగు పండితుడు, నేడు కీబోర్డు ట్రాకుకు పాట వ్రాస్తున్న యువ సేవకుడు, ముగ్గురూ కుట్టికారులే.

కుట్టికారుడు కావడం తప్పా? పరిశుద్ధ గ్రంథమే కాదంటున్నది. 22వ కీర్తన శీర్షికలో "ఉదయకాలపు లేడి" అనే అర్థం వచ్చే హెబ్రీ మాటలు ఉన్నాయి. 45, 69, 80 కీర్తనల శీర్షికలలో లిల్లీ పూల పేరు ఉన్నది. ఇవి అప్పటికే జనం ఎరిగిన బాణీల పేర్లని అనేకమంది వ్యాఖ్యాతల అభిప్రాయం. మన తెలుగు బైబిలు కూడా వీటిని రాగాల పేర్లుగానే గ్రహించింది. ఆ అభిప్రాయం సరియైనదైతే, సిలువ మీద మన ప్రభువు నోట వినబడిన కీర్తన కూడా పాత బాణీకి కూర్చిన మాటలే.

కాని ఒక భాష బాణీని మరొక భాషకు తగిలించడం వేరే సంగతి. దీనిని సంస్కర్తలలో మార్టిన్ లూథరు స్పష్టంగా చూశాడు. లాటిను స్వరాలను అలాగే ఉంచి వాటి క్రింద జర్మను మాటలు పెట్టడాన్ని 1525లో వ్రాసిన ఒక గ్రంథంలో అతడు విమర్శించాడు. మాట, స్వరం, ఉచ్చారణలోని బలం, పాడే తీరు అన్నీ మాతృభాష నుండే పుట్టాలనీ, లేకుంటే అది కోతులు చేసే అనుకరణ అవుతుందనీ అతని భావం. అనువాదం తెలియనివాడు చెప్పిన మాట కాదిది. బైబిలునే తన ప్రజల భాషలోనికి తెచ్చినవాడు చెప్పిన మాట. జోహాన్ వాల్టర్ వంటి సంగీతజ్ఞుల సహాయం తీసుకొని, 1526లో అతడు జర్మను ఆరాధన క్రమాన్ని ప్రకటించాడు.

ఆంగ్లం మాట్లాడే సంఘాలు కూడా ఈ బాధ ఎరిగినవే. 1562లో సంపూర్ణమైన జెనీవా కీర్తనల గ్రంథంలో వందకు పైగా వేర్వేరు ఛందస్సులు ఉన్నాయి. ఆయా కీర్తనకు తగిన కొలత, ఆ కొలతకు తగిన బాణీ. 1650 నాటి స్కాట్లండు కీర్తనల గ్రంథం దాదాపు అంతటినీ ఒకే కొలతలోనికి తెచ్చింది. కొద్ది బాణీలు నేర్చినవారు కీర్తనలన్నీ పాడగలగడం దాని మేలు. ఆ కొలతకు ఇమడ్చడానికి వాక్యాలను మెలిపెట్టవలసి రావడం దాని ఖరీదు. సొంత భాషలోనే ఇంత ఖరీదైతే, పరభాషలోనికి ఆ కొలతను మోసుకొచ్చినప్పుడు ఎంతో ఊహించవచ్చు.

3. రెండు కొలతలు

ఆంగ్ల కీర్తనకు కొలత అక్షరాల సంఖ్య, వాటి మీద పడే బలం. అందరూ ఎరిగిన "కామన్ మీటర్"లో పాదాలకు వరుసగా 8, 6, 8, 6 అక్షరాలు. సరి సంఖ్య అక్షరాల మీద, అంటే 2, 4, 6, 8 స్థానాలలో బలం పడుతుంది. ఈ కొలత ఒక తయారైన చొక్కా సైజు వంటిది. జాన్ న్యూటన్ "అమేజింగ్ గ్రేస్" 1779లో అచ్చయింది. మనం నేడు పాడే బాణీ దానితో జతపడి అచ్చయినది 1835లో. అర్ధ శతాబ్దం తరువాత వచ్చిన బాణీ అంత చక్కగా అమరడానికి కారణం ఇద్దరూ ఒకే సైజుకు కుట్టడమే.

తెలుగుకు కొలత మాత్ర. హ్రస్వాక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘాక్షరమూ, పూర్ణబిందువుతో కూడినదీ, సంయుక్తాక్షరానికి ముందున్నదీ గురువు, రెండు మాత్రలు. మన తాళం లెక్కించేది అక్షరాలను కాదు, ఈ మాత్రలను. "సిలువ" మూడు అక్షరాలు, మూడు మాత్రలు. "కల్వరి" కూడా మూడు అక్షరాలే గాని నాలుగు మాత్రలు. "గొల్గొతా" కూడా మూడు అక్షరాలే, మాత్రలు అయిదు. అక్షరాలు మాత్రమే లెక్కపెట్టే బాణీకి ఈ మూడూ ఒకటే. తెలుగు చెవికి మూడూ వేర్వేరు నడకలు. మొదటిది తిస్రం, రెండవది చతురశ్రం, మూడవది ఖండం. "పునరుత్థానము" అన్న ఒక్క మాటలోనే ఎనిమిది మాత్రలున్నాయి.

ఈ భేదం వలన మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది నిడివి. ఆంగ్లంలో ఒక అక్షరాన్ని ఎంత సాగదీసినా సాధారణంగా మాట మారదు. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది. "ఆయన కడు దయాళుడు" అన్న పాదంలో "క" మీద పొడవైన స్వరం పడిందనుకోండి. సంఘం పాడేది "ఆయన కాడు దయాళుడు" అని. "నేను పడితిని, నీవు లేపితివి" అన్న ఒప్పుకోలులో "ప" సాగితే, పడినవాడు కాస్తా పాడినవాడవుతాడు. మాట చివర దీర్ఘం తెలుగులో సంబోధన, లేదా ప్రశ్న. "ప్రభు కృప" అన్నది "ప్రభు కృపా" అయితే, కృపను గూర్చిన సాక్ష్యం కృపను పిలవడమో, శంకించడమో అవుతుంది.

రెండవది దెబ్బ. కామన్ మీటర్ బాణీలో మొదటి అక్షరం బలహీనమైన చోట పడి, రెండవ అక్షరం మీద తాళపు దెబ్బ పడుతుంది. ఆంగ్లంలో ఆ మొదటి చోటును నింపడానికి అర్థభారం లేని చిన్న మాటలు ఎన్నో ఉన్నాయి. తెలుగులో విభక్తులు మాట వెనుక వస్తాయి గాని ముందు రావు. తెలుగు వాక్యం మొదటి అక్షరంతోనే గట్టిగా మొదలవుతుంది. అందువలన "యేసు" అన్న నామంలో "యే" బలహీనమైన చోటా, "సు" దెబ్బ మీదా పడుతుంది. రక్షకుని నామం "యెసూ" అని పలుకబడుతుంది. దీనిని తప్పించడానికి అనువాదకుడు పాదం ముందు "ఓ", "హా", "నా" వంటి అక్షరం పెడతాడు. లేదా లఘువు తరువాత గురువు వచ్చే "ప్రభూ", "దయా", "సదా", "మహా" వంటి మాటలు వెదకుతాడు. అటువంటి మాటలు తెలుగులో తక్కువ. ఉన్నవాటిలో చాలా భాగం సంబోధనలు, సంస్కృత పదాలు. అనువాద కీర్తనలలో సంబోధనలు అంత దట్టంగా ఉండడానికి కారణం అనువాదకుని భక్తావేశం ఒక్కటే కాదు, బాణీ పెట్టిన నిర్బంధం కూడా.

మూడవది విరుపు. బాణీ ఊపిరి తీసుకొనే చోట మాట ముగియాలి. "ప్రభువుకు నేను కానుక" అన్న సమర్పణ గీతంలో "కాను" దగ్గర బాణీ ఆగి, "క" తరువాతి ఊపిరిలో వస్తే, సంఘమంతా చేతులెత్తి "ప్రభువుకు నేను కాను" అని పాడినట్లే. పుస్తకంలో అచ్చు సరిగానే ఉంటుంది. చదువురానివారు వినేది అచ్చును కాదు.

4. ఒక పాదానికి పరీక్ష

లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని కామన్ మీటర్‌లో పెట్టి చూద్దాం:

తప్పి పోయిన గొర్రెను
వెదకె కాపరి

మొదటి పాదంలో 8 అక్షరాలు, రెండవ దానిలో 6. లెక్క సరిపోయింది. ఇప్పుడు దెబ్బలు వేయండి. మొదటి పాదంలో దెబ్బలు పడేవి "ప్పి", "యి", "గొ", "ను" అన్న అక్షరాల మీద. వీటిలో "గొ" ఒక్కటే గురువు. పాదంలో సహజంగా బరువున్న "త", "పో" రెండూ బలహీనమైన చోట్లలో నలిగిపోయాయి. పాడితే "తపీ పొయీ న గొర్రె నూ" అని వినబడుతుంది. రెండవ పాదం "వెదా కెకా పరీ" అవుతుంది. ఈ రెండు పాదాలలోని మాటలు తెలుగే, వ్యాకరణం తెలుగే, భావం బైబిలుదే. పాడినప్పుడు మాత్రం తెలుగు కాదు.

అదే భావాన్ని మాత్రలలో కూర్చుదాం:

తప్పిన గొర్రెను తానే వెదకెను
ముప్పుల బాపుచు మోసుక వచ్చెను

ఇక్కడ ప్రతి మాటా నాలుగు మాత్రలు. పాదానికి పదహారు మాత్రలు. ఆదితాళంలో ప్రతి నాలుగు మాత్రలకు ఒక క్రొత్త మాట మొదలవుతుంది. ప్రాస "ప్ప". యతి "త"కు "తా", "ము"కు "మో". ఇది గొప్ప కవిత్వమని మేము చెప్పడం లేదు. పల్లెలోని ఏ భజన బృందమైనా ఒకసారి విని పాడగలదు, అంతే.

ఇక్కడ గమనించవలసినది "తానే" అన్న మాట. కామన్ మీటర్ పాదాలలో దానికి చోటు లేదు. రెండక్షరాలు చేరిస్తే కొలత తప్పుతుంది. ఉపమానానికి ప్రాణమంతా ఆ మాటలోనే ఉన్నది కదా. గొర్రె దారి వెదకుకొని రాలేదు. కాపరి కూలివానిని పంపలేదు. తానే వెళ్ళాడు. తెలుగు కొలతలో యతి "త"ను అడిగింది, ఆ స్థలంలో "తానే" వచ్చి నిలిచింది. భాషకు సరిపడే కొలత ఇక్కడ బోధకు అడ్డురాలేదు, చోటిచ్చింది.

అయితే విదేశీ బాణీలన్నింటినీ విడిచిపెట్టాలా? అక్కరలేదు. ఈ ద్విపాదిలో పాదానికి 16 మాత్రలు, 12 అక్షరాలు. ఒక స్వరానికి రెండు మాత్రలు చొప్పున పంచితే సరిగా 8 స్వరాలు అవుతాయి: తప్ - పిన - గొర్ - రెను - తా - నే - వెద - కెను. గురువుకు ఒక స్వరం మొత్తం ఇవ్వండి. రెండు లఘువులు వస్తే అదే స్వరాన్ని వాటికి చెరిసగం పంచండి. అప్పుడు మొదటి అక్షరం మీదనే దెబ్బ పడే ఏ 8 స్వరాల పాశ్చాత్య బాణీలోనైనా ఈ తెలుగు పాదం నలగకుండా నడుస్తుంది. "ఒక స్వరానికి ఒక అక్షరం" అన్నది ఆంగ్ల కీర్తన నియమం. తెలుగుకు కావలసిన నియమం "ఒక స్వరానికి రెండు మాత్రలు". ఈ చిన్న మార్పు చేయనందువలననే చాలా అనువాదాలు కుంటుతున్నాయని మా అభిప్రాయం.

బాణీల ఎంపికలో కూడా వివేచన అవసరం. "వాట్ ఎ ఫ్రెండ్ వీ హ్యావ్ ఇన్ జీసస్" బాణీ, "సైలెంట్ నైట్" బాణీ మొదటి అక్షరం మీదనే దెబ్బతో ఆరంభమవుతాయి. ఇటువంటివి తెలుగు వాక్యానికి సహజంగా దగ్గర. మూడు లెక్కల నడకలో రెండు లెక్కలు గురువుకు, ఒకటి లఘువుకు ఇస్తే "యేసు", "ప్రేమ", "ఆత్మ", "క్రీస్తు" వంటి మాటలు చక్కగా కూర్చుంటాయి. బలహీనమైన చోట మొదలయ్యే బాణీలే మనకు ఎక్కువ కష్టం.

5. పోయేది ఏమిటి?

పరిమాణంలో కూడా ఒక చిక్కున్నది. దేవుడు, ప్రభువు, సిలువ, కృప, ప్రేమ, రక్తము, పాపము, విశ్వాసము అనే ఎనిమిది మాటలను తీసుకోండి. ఆంగ్లంలో వీటికి ఒక్కొక్క అక్షరమే. ఎనిమిదీ ఒక పాదంలో పడతాయి. తెలుగులో వీటికి 23 అక్షరాలు. అక్షరానికొక స్వరమైతే దాదాపు మూడు పాదాలు కావాలి. కనుక అక్షరం వెంట అక్షరం అనువదించేవాడు మూల పాదంలోని భావంలో కొంత వదలక తప్పదు.

ఏది వదులుతాడు? పెద్ద మాటలను వదలడు. సిలువ ఉంటుంది, రక్తం ఉంటుంది, ప్రేమ ఉంటుంది. పోయేవి వాటిని కలిపే చిన్న మాటలు: "కొరకు", "బదులుగా", "బట్టి", "చేతనే", "ఏలయనగా". సువార్త ఉన్నది ఈ చిన్న మాటలలోనే. సిలువ, రక్తం, నేను అన్న మూడు మాటలు ప్రక్క ప్రక్కన పెడితే సువార్త కాదు. వాటి మధ్య ఉన్న సంబంధమే సువార్త. ఆంగ్లంలో "నా కొరకు" అన్న భావానికి రెండక్షరాలు చాలు. తెలుగులో "నా నిమిత్తము" అంటే అయిదు, "నాకు బదులుగా" అంటే ఆరు. కుట్టికారునికి దొరికే రెండక్షరాల మాట "నాకై". అది మంచి మాటే. కాని అందులో నాకు కలిగిన మేలు ఉన్నదే గాని, నా స్థానంలో ఆయన నిలిచాడన్న భావం స్పష్టంగా లేదు. ప్రాయశ్చిత్తాన్ని గూర్చి తరగతిలో గంటలకొలది బోధించే భేదం, పాటలో నాలుగక్షరాల చోటు లేక తప్పిపోతున్నది.

నేటి పాటలలో ఇదే నష్టం వేరొక రూపంలో ఉన్నది. ఈనాడు చాలా పాటలకు ముందు సంగీతం తయారై, తరువాత మాటలు పడుతున్నాయి. అనేకం ఇతర భాషల ఆరాధన గీతాల నడకను అనుసరిస్తున్నాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య మాటను జారవిడిచే ఆ నడకలో తెలుగు వాక్యం పూర్తిగా నిలవడం కష్టం. అందువలన ఎక్కడైనా ఇమిడే మాటలు చేరతాయి: హల్లెలూయా, హోసన్నా, స్తోత్రం, ఆరాధన. ఇవన్నీ పరిశుద్ధమైన మాటలే. అయితే 117వ కీర్తనను చూడండి. రెండే వచనాలు. మొదట స్తుతించమన్న పిలుపు, తరువాత స్తుతికి కారణం, చివర మరల స్తుతి. అంత చిన్న కీర్తనలో కూడా కారణం విడువబడలేదు. మన క్రొత్త పాటలు కొన్ని పిలుపును పదిసార్లు పాడించి, కారణాన్ని ఒక్కసారి కూడా చెప్పవు. ఆత్మతో పాడుదురు గాక. మనస్సుతోను పాడాలని 1 కొరింథీ 14:15లో అపొస్తలుడు చెప్పిన రెండవ సగం ఏమైనది?

6. కొన్ని ఆక్షేపణలు

మా వాదనకు న్యాయమైన ఆక్షేపణలు లేకపోలేదు.

"ఒకే బాణీని లోకమంతటా సంఘాలు పాడడంలో ఐక్యత ఉన్నది కదా" అనవచ్చు. ఒప్పుకొంటాం. క్రిస్మస్ రాత్రి ఒకే బాణీ అనేక భాషలలో వినబడడం సార్వత్రిక సంఘానికి మంచి గుర్తు. కాని పెంతెకొస్తు దినాన ఎవరి భాషలో వారు విన్నారు. ఐక్యత కొరకు ఎవరి భాషా నలగలేదు.

"అయితే కీర్తనలే పాడాలా" అనవచ్చు. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలుకొని మన కీర్తనకారులు రాగ తాళాలలో కూర్చిన సంపద ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఉన్నది. పల్లవి, చరణాల కట్టడం, ప్రాస, తెలుగు నడక వారికి సహజం. తమిళ సంఘంలో తంజావూరు వేదనాయగం శాస్త్రి (1774-1864) చేసిన సేవ కూడా ఇటువంటిదే. అయినా కీర్తన రూపానికి దోషం లేదనలేము. పాడేవారు రాగం మీది మోజుతో హ్రస్వాన్ని దీర్ఘం చేయడం, మాటను మధ్యలో విరవడం శాస్త్రీయ కచేరీలలో కూడా వినబడే లోపమే. రాగం పేరు తలపై ఉన్నంత మాత్రాన పాట తెలుగు కాదు.

మూడవ ఆక్షేపణ మరింత లోతైనది. తెలుగు క్రైస్తవులలో అత్యధికుల పూర్వులు మాల, మాదిగ పల్లెలవారు. వారి తాతల నోట ఉన్నది శాస్త్రీయ రాగం కాదు. డప్పు దరువు, చెక్క భజన, కోలాటం, నాట్ల పాట, జోల పాట. "మన సంగీతం" అని కర్ణాటక సంగీతాన్ని మాత్రమే చూపితే, ఒక పరాయి కొలతకు బదులు మరొక పరాయి కొలతను మోపినట్లు కాదా? ఈ ప్రశ్నను గౌరవంగా వినాలి. మా జవాబు ఏమనగా, మేము అడుగుతున్నది రాగాన్ని కాదు, మాత్రను. ఆ మాత్ర పండితునిది మాత్రమే కాదు. నాట్లు వేసే తల్లి పాటలో, జోల పాటలో గురువు గురువుగానే, లఘువు లఘువుగానే పలుకుతాయి. ఛందస్సు పేరు ఆమెకు తెలియకపోవచ్చు, తప్పు మాత్రం దొర్లదు. మన సంఘాలు హరికథ, బుర్రకథలను సువార్తకు వాడుకొన్నాయి. ఆ పల్లె బాణీలను ఆరాధనలోనికి ఇంకా తగినంతగా తేలేదు. మాటకూ బాణీకీ పొత్తు కుదిరిన పాట కావలసినవారు సంగీత సభలకే కాదు, తమ సంఘంలోని వృద్ధ స్త్రీల దగ్గరకు కూడా వెళ్ళాలి.

7. కాపరులకు, విద్యార్థులకు సూచనలు

ఒక పాటను సంఘానికి నేర్పే ముందు ఈ అయిదు పనులు చేయమని మనవి.

మొదట, బాణీ లేకుండా చేతితో తాళం వేస్తూ మాటలను మామూలుగా చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ పొత్తు చెడిందని గుర్తు.

రెండవది, గురు లఘువులు గుర్తించండి. పొడవైన స్వరం లఘువు మీద పడి మాట మారుతున్నదేమో చూడండి. ముఖ్యంగా ప్రభువు నామం ఎలా పలుకబడుతున్నదో చూడండి.

మూడవది, ఊపిరి తీసుకొనే చోట్లు గీత గీయండి. గీతకు ఇవతల ఉన్న మాటలు విడిగా చదివితే ఏమి అర్థం వస్తున్నదో పరీక్షించండి.

నాలుగవది, అనువాద గీతమైతే మూలంతో పోల్చి, ఏ చిన్న మాట తప్పిపోయిందో కనుగొనండి. స్వతంత్ర గీతమైతే, స్తుతికి కారణం చెప్పబడిందో లేదో చూడండి.

అయిదవది, చదువురాని ఒక విశ్వాసికి పాటను ఒకసారి వినిపించి, దానిలో ఏమి ఉన్నదో తన మాటలలో చెప్పమనండి. ఆ సహోదరి చెప్పలేకపోతే లోపం ఆమెది కాదు.

మన వేదాంత కళాశాలల్లో హెబ్రీ కవిత్వంలోని సమాంతరతను బోధిస్తున్నాం. గ్రీకు క్రియల కాలాలను బోధిస్తున్నాం. తెలుగు ఛందస్సులో పది గంటల పాఠం, తాళంలో పది గంటల అభ్యాసం ఆరాధన శాస్త్రంలో చేర్చడం అసాధ్యమేమీ కాదు. పాటలు వ్రాసే సేవకులు అనేకులున్నారు. వారి ఉత్సాహానికి కొదువలేదు. కావలసినది కొలత ఎరిగిన చెవి.

8. ముగింపు

క్రీస్తు వాక్యం మనలో సమృద్ధిగా నివసించాలని చెప్పిన కొలస్సీ 3:16లోనే, బోధించుటనూ బుద్ధి చెప్పుటనూ కీర్తనలతో జతపరచి అపొస్తలుడు మాట్లాడాడు. అంటే పాట ప్రసంగానికి ముందు కాలక్షేపం కాదు. అది బోధయే. బోధలో ఒక మాట తారుమారైతే మనం ఊరుకోము. పాటలో తారుమారైతే రాగం బాగుందని ఊరుకొంటున్నాం.

తప్పిన గొర్రెను కాపరి తానే వెదకెనన్న సంగతి మన ప్రజలకు తెలియాలి. "తానే" అన్న మాటకు చోటు లేని బాణీ ఎంత మధురమైనదైనా దానిని సవరించండి, లేదా మరొక బాణీ వెదకండి. బాణీలు ఎన్నో ఉన్నాయి. ఆ మాట ఒక్కటే.